ముద్దయీ ఎట్లా ముద్దాయి అయ్యాడు?

నా బతుకంతా రెండు భాషల మధ్యే గడిచింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు. అమ్మీ తిట్టేది ఉర్దూలో, పంతులు తిట్టేది తెలుగులో. నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు మాది. అబ్బా బస్సు కండక్టరు. హైదరాబాదు నుంచి ఉర్దూ పేపరు ఒకరోజు ఆలస్యంగా వచ్చినా సరే, మడతలు సాపు చేసుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. నేను పక్కన కూచుని తెలుగు పేపరు చదివేవాణ్ణి. ఒకే సంగతి రెండు పేపర్లలో రెండు తీర్ల ఉండేది. ఏది నిజమని అడిగితే అబ్బా నవ్వి ఊరుకునేవాడు. బి.ఏ. అయినంక నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆ నవ్వే కారణమేమో! ఇరవై ఏళ్ళు దాటింది. ఎక్కువ కాలం తెలుగు పత్రికల్లో, మధ్యలో మూడేళ్ళు ఒక ఉర్దూ పత్రికలో పనిచేశాను.

రెండు భాషలూ తెలిసినవాడికి కొన్ని మాటల దగ్గర కాలు తట్టుకుంటుంది. నాకు 'ముద్దాయి' అట్లాంటి మాట. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. నాకు అన్యాయం జరిగింది, విచారించండి అని కోర్టు గడప తొక్కినవాడు. ఎవరి మీద దావా పడిందో అతను 'ముద్దాలే'. కచేరీల నుంచి, కోర్టుల నుంచి ఈ మాట తెలుగులోకి వచ్చి స్థిరపడేసరికి ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడయ్యాడు. ఫిర్యాదు చేసినవాడే నేరం మోస్తున్నాడు. భాషలో ఇది ఎట్లా జరిగిందో పండితులు చెప్పాలి. మన పోలీసు స్టేషన్లలో, పత్రికల్లో ఎట్లా జరుగుతుందో మాత్రం నేను చెప్పగలను. కళ్ళారా చూశాను గనక.

నేను పుట్టకముందే జరిగిన సంగతి ఒకటుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త రిక్షా తొక్కేవాడు. రాత్రి ఆట సినిమా చూసి ఇంటికి పోతున్న జంట వాళ్ళు. అడగవచ్చిన భర్తను పోలీసులు కొట్టారు, అతను చనిపోయాడు. నగరం భగ్గుమంది. కర్ఫ్యూ పెట్టారు. హైకోర్టు జడ్జి జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేశారు. ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫున వచ్చిన వాదన ఏమిటో తెలుసా? ఆమె వ్యభిచారిణి అని. ఆమె పెళ్ళి పెళ్ళే కాదని. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి తన నికా నిజమైనదేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది! కమిషన్ పోలీసులనే దోషులుగా తేల్చింది. తరువాత ఆ క్రిమినల్ కేసు రాష్ట్రం దాటి రాయచూరు కోర్టుకు పోయింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఆమె పేరు నేనిక్కడ రాయడం లేదు. అప్పట్లో పత్రికలన్నీ రాశాయి, పేరుతోనే కేసు ప్రసిద్ధమైంది. అట్లాంటి బాధితురాలి పేరు అచ్చువేయడం నేరమని చట్టంలో చేరింది 1983లో. చట్టం చేరిందిగానీ అలవాటు పోలేదు. ఫిర్యాదు చేసినవాళ్ళ నడవడిక మీద ముందు విచారణ మొదలవుతుంది. ఆ విచారణను నడిపేది కోర్టు కాదు. స్టేషను, దాని పక్కన పత్రిక.

ఇక నేను చూసిన సంగతికి వస్తాను. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో 9 మంది చనిపోయారు. ఆ తరువాత బయట పోలీసు కాల్పుల్లో మరో 5గురు పోయారు. చచ్చింది నమాజుకొచ్చినవాళ్ళు, ఆ పక్క గల్లీలవాళ్ళు. అంటే ఎవరు ముద్దయీ? మేమే గదా! ఆ రాత్రి నేను డెస్క్‌లో ఉన్నాను. టీవీలో స్క్రోలింగులు పరుగెత్తుతున్నాయి. ఒక సీనియర్ నా భుజం మీద చెయ్యి వేసి అడిగాడు: "ఏం భాయ్, మీవాళ్ళేనట గదా?" చెడ్డవాడు కాదాయన. నా పెళ్ళికి వచ్చి బిర్యానీ తిన్నవాడే. చచ్చినవాళ్ళు మీవాళ్ళు అన్నాడనుకుని నేను తలూపాను. కాసేపటికి అర్థమైంది, ఆయన అడిగింది చంపినవాళ్ళ గురించి.

ఆ తరువాతి నెలల్లో పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. యూనిఫాం లేకుండా వచ్చి, నంబరు ప్లేటు లేని బండ్లలో ఎక్కించుకుపోయారని ఇండ్లవాళ్ళు చెప్పారు. చదువుకునే పిల్లలు, సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు. కోర్టులో చాలామంది మీద పెట్టింది మక్కా మసీదు పేలుడు కేసు కూడా కాదు, వేరే కుట్ర కేసులు. కానీ పత్రికల్లో మాత్రం ఆ పేరు, ఆ పేలుడు ఒకే వాక్యంలో అచ్చయ్యాయి. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది జైలుకు పోయి వాళ్ళను కలిసి, చిత్రహింసలు జరిగాయని నివేదిక ఇచ్చాడు. కోర్టుల్లో ఆ కేసులు నిలవలేదు.

వార్త ఎట్లా తయారవుతుందో బయటివాళ్ళకు తెలియదు గనక కొంచెం చెప్పాలి. పోలీసులు ప్రెస్‌మీట్ పెడతారు. ముఖాలకు నల్లముసుగులు వేసి నలుగురిని నిలబెడతారు. ముందు బల్ల మీద వైర్లు, సిమ్‌కార్డులు, ఉర్దూ పుస్తకాలు పరుస్తారు. ఆ ఉర్దూ పుస్తకాల్లో ఏముందో ఆ గదిలో చదవగలిగినవాణ్ణి చాలాసార్లు నేనొక్కణ్ణే. ఒకసారి వంగి చూస్తే దువాల పుస్తకం, ఇంకొకటి వ్యాకరణం. ఆఫీసరు చెబుతాడు: నేరం ఒప్పుకున్నారు. మర్నాడు పేపర్లలో అదే వాక్యం: 'నేరం ఒప్పుకున్నారు.' పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ అదే చెబుతుంది. తెల్లవాళ్ళకు కూడా తమ పోలీసుల మీద అంత నమ్మకం లేదన్నమాట! కోర్టు నమ్మనిదాన్ని మన పత్రిక మొదటి పేజీలో నమ్ముతుంది.

రిపోర్టరు కాపీ రాత్రి డెస్క్‌కు వస్తుంది. 'పోలీసుల కథనం ప్రకారం' అనే మాట మొదటి పేరాలో ఉంటుంది. జాగా చాలనప్పుడు మొట్టమొదట ఎగిరిపోయేది ఆ మాటే. ఒకరాత్రి హెడ్డింగ్‌లో 'ఉగ్రవాది' అని ఉంటే 'నిందితుడు' చేద్దామన్నాను. హెడ్డింగ్‌లో పట్టదన్నారు. వేళ్ళమీద లెక్కపెట్టి చూపించాను. ఉ-గ్ర-వా-ది, నాలుగు. నిం-ది-తు-డు, నాలుగు. అందరూ నవ్వారు. హెడ్డింగ్ మాత్రం మారలేదు. అక్షరాల కొరత కాదిది. 'నిందితుడు' అంటే కథ ఇంకా అయిపోలేదని అర్థం. 'ఉగ్రవాది' అంటే అయిపోయిందని అర్థం. అయిపోయిన కథకే గిరాకీ.

నేను ఆ మాట మీద పట్టుబట్టినప్పుడల్లా నా వెనక ఒక గుసగుస ఉండేది: 'వాళ్ళవాళ్ళు గదా, అందుకే.' అదే మాట మరొకరు అంటే వృత్తిధర్మం. నేను అంటే మతం. ముస్లిం జర్నలిస్టుకు ఈ దేశంలో నిష్పాక్షికత కూడా జేబులో పెట్టుకు తిరగాల్సిన గుర్తింపు కార్డే.

ఒక కేసు కొట్టివేసిన రోజు నాంపల్లి కోర్టు ఆవరణలో ఒక తల్లి నన్ను పట్టుకుంది. బురఖా మీద దుమ్ము, చేతిలో కోర్టు కాగితాల ప్లాస్టిక్ సంచి. నేను ఉర్దూలో పలకరిస్తే ఏ పేపరు అని అడిగింది. చెప్పాను. "తెలుగు పేపరా? అల్లా నీకు మేలు చేస్తాడు బేటా. మా వాడు ఛూట్ గయా అని నీ తెలుగు పేపర్లోనే పెద్దగా రాయి. ఉర్దూలో రాయకున్నా ఫరవా లేదు. మా గల్లీ వాళ్ళందరికీ మొదటి నుంచీ తెలుసు. వాడికి పని ఇచ్చే సేటు తెలుగు పేపరు చదువుతాడు. ఇల్లు కిరాయికి ఇచ్చేవాడు తెలుగు పేపరు చదువుతాడు" అంది.

నేను రాశాను. ఆరు అంగుళాలు రాస్తే రెండు అంగుళాలు వచ్చింది, లోపలి పేజీలో, సిటీ ఎడిషన్‌లో మాత్రమే. పట్టుకున్నప్పుడు ఫోటోతో అన్ని జిల్లాలకూ పోయిన వార్త, విడుదలైనప్పుడు మూసీ దాటలేదు. ఆ తల్లికి నేను ఫోన్ చేసి చెప్పలేదు. ఆమే పేపరు కొనిపించి, ఎవరితోనో చదివించుకుని ఉంటుంది.

ఆమె చెప్పిన మాటలో ఉన్నంత జర్నలిజం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మన నగరంలో రెండు జ్ఞాపకాలున్నాయి. ఉర్దూ చదివేవాళ్ళకు విడుదల గుర్తుంది. తెలుగు చదివేవాళ్ళకు అరెస్టు గుర్తుంది. ఒకే బస్సులో పక్కపక్కన కూచుని పోయే ఇద్దరికి ఒకే కేసు రెండు రకాలుగా తెలుసు. వాళ్ళిద్దరి మధ్య గోడ కట్టింది రాజకీయ నాయకులు మాత్రమే కాదు, మేమూ కట్టాం.

ఆ కేసు చివరిదాకా చూడండి. దర్యాప్తు సి.బి.ఐ.కి పోయింది, 2011లో ఎన్.ఐ.ఏ.కు పోయింది. హిందూత్వ సంస్థలతో సంబంధమున్నవాళ్ళను నిందితులుగా చేర్చారు. 2012 జనవరిలో అప్పటి ప్రభుత్వం, అన్యాయంగా పట్టుకున్న యువకులకు పరిహారం ఇచ్చింది. నిర్దోషులుగా విడుదలైన 20 మందికి తలా 3 లక్షలు, పట్టుకుని వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. మంచి నడవడిక సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వులను కొట్టేసింది. 2018 ఏప్రిల్ 16న స్వామి అసీమానంద్‌తో సహా విచారణ ఎదుర్కొన్న 5గురినీ ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. తీర్పు చెప్పిన రోజే ఆ జడ్జి రాజీనామా చేశాడు. మొత్తానికి ఆ పేలుడులో చనిపోయిన 9 మందిని ఎవరూ చంపలేదు!

ఆ సాయంత్రం ఉర్దూ పత్రికలో పనిచేసే ఒక దోస్తు ఫోన్ చేశాడు. 'ఖాతిల్ రిహా' అని హెడ్డింగ్ పెడదామనుకుంటున్నాను, ఎట్లా ఉంది అని అడిగాడు. హంతకులు విడుదల అని అర్థం. వద్దన్నాను. అతనికి కోపమొచ్చింది. "మన పిల్లలు ఛూట్‌పోయినంక కూడా వాళ్ళు ఉగ్రవాదులే అని రాసిండ్రు గదా, అప్పుడేడ పోయింది నీ నీతి?" అన్నాడు. అప్పుడు కూడా నేను వద్దనే అన్నాను గదా భాయ్! అసీమానంద్ మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చాడు, తరువాత వెనక్కి తీసుకున్నాడు, కోర్టు వదిలేసింది. దర్యాప్తు ఎట్లా నడిచింది, సాక్షులు ఎందుకు అడ్డం తిరిగారు అని వంద ప్రశ్నలు వేయి. కానీ కోర్టు వదిలినవాణ్ణి ఖాతిల్ అనకు. ఉర్దూలో 'ముల్జిం' వేరు, 'ముజ్రిం' వేరు. ఒకడు ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు, ఒకడు నేరం రుజువైనవాడు. మధ్యన ఉన్నది ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరాన్ని మనకోసం కాపాడమని అడిగే హక్కు, పరాయివాడికోసం కూడా కాపాడితేనే దక్కుతుంది.

ఈ మాట మావాళ్ళకు చేదుగా ఉంటుంది. అయినా ఇంకొకటి చెప్పాలి. కొన్ని ఉర్దూ పత్రికలు అరెస్టయిన ప్రతి ముస్లిం కుర్రవాణ్ణీ మొదటి రోజే 'బేకసూర్' అని రాసేస్తాయి. అదీ తీర్పే. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో 42 మంది చనిపోయారు. వాళ్ళలో ఇంజనీరింగు చదివే పిల్లలున్నారు. ఆ కేసులో 2018లో కోర్టు ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవం వేసింది. ఇద్దరిని వదిలేసింది. అందరినీ ఉగ్రవాదులన్నా తప్పే, అందరినీ బేకసూర్ అన్నా తప్పే అని ఆ ఒక్క తీర్పే చెబుతుంది. అందరినీ బేకసూర్ అంటే నిజంగా బేకసూర్ అయినవాడి మాట ఎవరు వింటారు? మా వృత్తికి హైదరాబాదులో ఒక వారసత్వం ఉంది. 1948 ఆగస్టులో రజాకార్లు నరికి చంపిన షోయబుల్లాఖాన్ ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు. రాసింది ఉర్దూలో, రాసింది తనవాళ్ళనుకున్నవాళ్ళ దౌర్జన్యం మీద. ప్రతిసారీ మా దేశభక్తిని పరీక్షించేవాళ్ళు ఆయన పేరు మరిచిపోతారు. ఆయన పేరు మేమూ మరిచిపోకూడదు.

తీర్పు దాకా రాని కేసులూ ఉన్నాయి. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకొస్తున్న 5గురు ముస్లిం విచారణ ఖైదీలను ఆలేరు దగ్గర వ్యానులోనే కాల్చి చంపారు. తుపాకీ గుంజుకోబోయారని పోలీసులు చెప్పారు. బేడీలు వేసిన చేతులతో సీట్లలో ఒరిగిపోయిన శవాల ఫోటోలు అందరూ చూశారు. ఆ దారి మా ఊరికి పోయే బస్సులు తిరిగే దారే. వాళ్ళు దోషులా కాదా అనే ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ రోజు వాళ్ళు పోతున్న కోర్టు. వాళ్ళు కోర్టుకు చేరలేదు. కొన్నిరోజుల ముందే సూర్యాపేటలో దుండగుల కాల్పుల్లో పోలీసులు చనిపోయారు. ఆ కుటుంబాల దుఃఖం నిజం. కానీ ఆ దుఃఖాన్ని ఈ బేడీల చేతుల మీద తీర్చుకోవచ్చని ఏ చట్టంలో ఉంది? ఒక మిత్రుడు నన్నడిగాడు: "పోతే పోనియ్యి, వాళ్ళేమన్నా మంచోళ్ళా?" మంచివాళ్ళకు మాత్రమే విచారణ అనుకుంటే ఇక కోర్టులెందుకు?

ఇది హైదరాబాదు సంగతి మాత్రమే కాదు. అక్షరధామ్ దాడి కేసులో దోషులని తేల్చిన 6గురిని సుప్రీంకోర్టు 2014 మే 16న నిర్దోషులని వదిలేసింది. వాళ్ళలో ఉరిశిక్ష పడ్డవాళ్ళున్నారు. ఆ రోజు దేశమంతా ఎన్నికల ఫలితాలు చూస్తూ ఉంది. 2006 ముంబయి రైలు పేలుళ్ళ కేసులో 12 మందిని బొంబాయి హైకోర్టు 2025 జులై 21న నిర్దోషులంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. ఈ తీర్పును ఇతర కేసుల్లో ఆధారంగా వాడరాదని సుప్రీంకోర్టు చెప్పింది గానీ, బయటికొచ్చినవాళ్ళను మళ్ళీ జైలుకు పంపలేదు. 19 ఏళ్ళు! ఆ పేలుళ్ళలో 180 మందికి పైగా చనిపోయారు. తప్పుడు మనిషిని పట్టుకుంటే రెండు అన్యాయాలు జరుగుతాయి. లోపల ఉన్నవాడికి ఒకటి, చచ్చినవాడి ఇంటికి ఒకటి. పోలీసు పక్షపాతం ముస్లింల సమస్య మాత్రమే అనుకునే మిత్రులు ఈ రెండోది గుర్తుపెట్టుకోవాలి.

పక్షపాతం అనేది నా ఊహ కాదు. 2019లో కామన్ కాజ్, సి.ఎస్.డి.ఎస్. కలిసి 21 రాష్ట్రాల్లో దాదాపు 12 వేల మంది పోలీసులను అడిగారు. ముస్లింలకు నేరం చేసే గుణం స్వతహాగా ఎక్కువ లేదా కొంత ఉంటుందని వాళ్ళలో సగంమంది చెప్పారు. ఆ పోలీసులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మన ఇండ్లలో పుట్టి, మన పేపర్లు చదివి, ఉద్యోగంలో చేరారు. పోలీసు చెప్పింది పత్రిక అచ్చువేస్తుంది. పత్రికలో చదివింది రేపటి పోలీసు నమ్ముతాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు తబ్లీగీ వాళ్ళ మీద ఎంత రాశారో గుర్తుందా? ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్ళను బలిపశువులను చేశారని, మీడియాలో పెద్ద ప్రచారం నడిచిందని రాసింది. అప్పటికి మా చుట్టాల్లో ఒకాయన కూరగాయల బండి తోసుకుని తను ఎప్పుడూ పోయే గల్లీకి పోలేక రెండు నెలలు ఇంట్లో కూచున్నాడు.

పరిష్కారం అంత కష్టమైనదేం కాదు. పోలీసులు పత్రికలకు కేసుల వివరాలు ఎట్లా చెప్పాలో నియమావళి తయారుచేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకు చెప్పింది. పక్షపాతంతో రాసిన వార్త వల్ల మనిషి నేరం చేశాడనే అనుమానం జనంలో పుడుతుందని కూడా చెప్పింది. కానీ నియమావళి కోసం ఆగకుండా డెస్క్‌లో ఈ రాత్రే చేయగలిగిన పనులున్నాయి. 'పోలీసుల కథనం ప్రకారం' అనే మాటను జాగా చాలదని కోయొద్దు. అరెస్టయినవాడి వకీలుతోనో ఇంటివాళ్ళతోనో మాట్లాడకుండా వార్త పంపొద్దు. నిందితుడి మతం కేసుకు సంబంధం లేకుంటే రాయొద్దు. ఏ పేజీలో అరెస్టు వేశామో ఆ పేజీలోనే విడుదల వేయాలి. ఎవరి అరెస్టు రాశామో వాళ్ళ పేర్లు ఒక నోటుబుక్కులో పెట్టుకుని, ఆ కేసు తేలేదాకా కోర్టుకు పోవాలి. నా దగ్గర అట్లాంటి నోటుబుక్కు ఉంది. కొన్ని పేర్లకు ఎదురుగా పదిహేనేళ్ళ తరువాత కూడా ఖాళీ ఉంది.

పాఠకులకూ ఒక పని ఉంది. ముఖానికి ముసుగు వేసిన ఫోటో కింద పేరు చదివినప్పుడు, ఆ పేరు నా పేరులా ఉన్నా మీ పేరులా ఉన్నా, ఒక్క ప్రశ్న అడగండి: ఈ మాట అన్నదెవరు, కోర్టా, పోలీసా? కొన్నేళ్ళ తరువాత సంపాదకుడికి ఉత్తరం రాయండి, ఆ కేసు ఏమైందని. పాఠకుడు అడగని వార్తకు పత్రికలో జాగా ఉండదు. ఆ తల్లి నన్ను అడిగింది గనకే ఆ రెండు అంగుళాలైనా వచ్చింది.